సామ్సన్ ఏ కాలితో కుంటుతున్నాడు?

మెదక్,
ఆగస్టు 4.

డాక్టర్ మదన్ మోహన్ గారికి, ప్రిస్కిల్లా వందనాలు.

నేనెవరో మీకు తెలియదు. మీరు పశువుల డాక్టరుగా రిటైరై తూప్రాన్‌లో ఉంటున్నారని, ఫోన్ ఎత్తరని, ఉత్తరం రాస్తే మాత్రం తప్పకుండా జవాబిస్తారని మా పక్కింటి ఖయ్యూం చాచా చెప్పాడు. ఈ రోజుల్లో ఇదేం పద్ధతి చాచా అంటే, "నా మేకకు గట్లనే నయమైంది బిడ్డా. నువ్వు రాయి జర" అన్నాడు. పోస్టాఫీసులో కవరు అడిగితే అక్కడున్నాయన నన్ను ఎగాదిగా చూసి "కోర్టు పనా అమ్మా?" అన్నాడు. ఇరవై మూడేళ్ల ఆడపిల్ల ఉత్తరం రాస్తే కోర్టుకే రాయాలా? సరే, అది వేరే కోపం.

అసలు సంగతికి వస్తాను. మా సామ్సన్ కుంటుతున్నాడు. నాలుగేళ్ల నాటు కుక్క, పొడుగు కాళ్లు, మస్తు ఉరుకుతాడు. నేను బీఎస్సీ చదివి కానిస్టేబుల్ పరీక్ష రాశాను. పరుగు పరీక్ష అక్టోబరు పన్నెండున. ఎనిమిది వందల మీటర్లు. రోజూ పొద్దున గ్రౌండ్‌లో సామ్సన్ ముందు, నేను వెనక. వాడు లేకుండా ఉరికితే నా టైము ఇరవై సెకన్లు ఎక్కువ వస్తుంది. మొన్న రెండో తారీఖున వాన పడి నేల చిత్తడిగా ఉంది. మలుపులో వాడి వెనక కుడి కాలు జారింది. కుయ్యిమని అరిచాడు. నేను వాడి మీంచి బోర్లా పడ్డాను. నాకేం కాలేదు.

అప్పటి నుంచి ఊళ్లో ప్రతివాళ్లూ డాక్టర్లే. ఒకరు పసుపూ సున్నమూ పట్టు వేయమంటారు. ఒకావిడ తన కీళ్ల నొప్పుల మాత్ర సగం విరిచి ఇచ్చి వెయ్యమంది. మా నానమ్మ జ్ఞానమ్మ రెండు పూటలా వాడి వీపు మీద చెయ్యి వేసి ప్రార్థన చేస్తోంది, వాడేమో కళ్లు మూసుకుని వింటున్నాడు. నాన్న మాత్రం ఏమీ అనలేదు. ఆయన ప్రకాశం గారు, చర్చిలో బల్లలు బాగుచేసే వడ్రంగి. ఇరవై ఏళ్ల కింద నిచ్చెన మీంచి పడి, ఏం కాలేదంటూ రెండు నెలలు అలాగే తిరిగి, ఇప్పటికీ మోకాలు మడవలేడు. నేను పరుగు మొదలుపెట్టిన రోజే షరతు పెట్టాడు. "ఒక్క దినం కుంటినవో, పరుగు బంద్. చర్చి స్కూల్ల ఖాళీ ఉంది, పోయి సైన్స్ చెప్పు." ఆ స్కూల్లో చేరితే నేను అక్కడే ముసలిదాన్నవుతానని నాకు తెలుసు.

అందుకే అడుగుతున్నాను. సామ్సన్‌కి త్వరగా తగ్గే మందు రాసి పంపండి.

ఇట్లు,
ప్రిస్కిల్లా

తా.క. మీరు నయం చేసిన మేక ఇప్పుడెలా ఉందని ఖయ్యూం చాచాను అడిగాను. "మంచిగుండె. బక్రీద్ దాక" అన్నాడు.


తూప్రాన్,
ఆగస్టు 8.

చి. ప్రిస్కిల్లాకు, ఆశీస్సులు.

నీ ఉత్తరం రెండు పేజీలు. అందులో పోస్టాఫీసు ఉంది, మీ నాన్నగారి మోకాలు ఉంది, నా పద్ధతి మీద వెక్కిరింపు ఉంది. కుక్క కాలు ఒక్క లైనులో ఉంది.

నేను ఫోన్ ఎందుకు ఎత్తనో చెబుతాను. ఫోన్లో అందరూ "కుంటుతుంది సార్" అంటారు. ఏ కాలంటే, "ఉండండ్రి సార్, చూసొస్త" అంటారు. చూడకుండానే ఫోన్ చేశారన్నమాట. రాయాలంటే చూడక తప్పదు. నలభై ఏళ్లలో నా మందుల కంటే ఎక్కువ నయం చేసింది యజమానులు చూసిన చూపే.

కాబట్టి చూడు. పొద్దున లేవగానే కుంటు ఎక్కువా, నడిచాక ఎక్కువా? కూర్చుంటే రెండు తొడలూ సమంగా పెడుతున్నాడా, ఒకటి పక్కకు జాపుతున్నాడా? నడిచేటప్పుడు తల చూడు. ముందు కాలు నొప్పైతే, ఆ కాలు నేల మీద ఆనగానే తల పైకి లేస్తుంది. వెనక కాలైతే నడుము ఒక పక్క ఎగురుతుంది. ఇవన్నీ నడిపిస్తూ అప్పటికప్పుడే రాసుకో. ఇంటికొచ్చి గుర్తు తెచ్చుకుని రాసేది కథ అవుతుంది.

జారింది వెనక కాలు కాబట్టి తొడ కండరం పట్టేసి ఉండవచ్చు. నరం తెగితే కాలు అసలు మోపడు. మూడు వారాలు విశ్రాంతి. రెండు మంచాలంత చోటులో కట్టడి చెయ్యి. ఉరకడం, ఎగరడం, మెట్లెక్కడం బంద్. రోజుకు మూడుసార్లు, ఐదేసి నిమిషాలు, మూరెడు తాడు కట్టి మెల్లగా నడిపించు. గోరువెచ్చని బట్టతో కాపు. మనుషుల మాత్ర ఒక్క ముక్క కూడా వేయకు. మనకు అరిగేది కుక్క కడుపులో పుండవుతుంది. ఆ సగం మాత్ర ఇచ్చినావిడకు తిరిగి ఇచ్చెయ్.

రోగి వివరాలకు గడులున్న కాగితాలు ఇందులో రెండు పెట్టాను, ఒకటి పాడైతే ఇంకోటి. నింపి పంపు.

శుభాకాంక్షి,
మదన్ మోహన్

తా.క. బక్రీద్ విషయం నాకు చెప్పకుండా ఉండాల్సింది. ఆ మేకకు నేను పదకొండు ఉత్తరాలు రాశాను.


మెదక్,
ఆగస్టు 22.

డాక్టర్ గారికి వందనాలు.

మీ కాగితం నింపాను. 'కొరికే అలవాటు ఉందా' అని ఒక గడి ఉంది. సామ్సన్‌కి లేదు. మీ ఉత్తరం చదివాక నాకు వచ్చింది.

మీరు చెప్పినవన్నీ అక్షరాలా చేస్తున్నాను. నాన్న చర్చిలోంచి పాత బల్లలు రెండు తెచ్చి వరండాలో ఎదురెదురుగా వేశాడు, అటూ ఇటూ పలకలు కొట్టాడు. సామ్సన్ అందులో ఉంటున్నాడు. దారిన పోయేవాళ్లు ఆగి "ఏం చేసిండమ్మా?" అని అడుగుతున్నారు, వాడేదో నేరం చేసినట్టు.

నడిపించేటప్పుడే రాయాలన్నారు. తాడూ, నోటుబుక్కూ, పెన్నూ పట్టుకోవడానికి దేవుడు నాకు మూడు చేతులివ్వలేదు. అందుకని తాడు నా నడుముకు కట్టుకుని రాస్తున్నాను. రాసింది ఇది. లేవగానే కుంటు లేదు. కూర్చుంటే రెండు తొడలూ సమంగానే పెడుతున్నాడు. నడుము ఎగరడం లేదు. వెనక కాలు బ్రహ్మాండంగా ఉంది. కానీ నాలుగు రోజుల నుంచి తల ఎగరేస్తున్నాడు! ముందు ఎడమ కాలు ఆనగానే పైకి. మళ్లీ ఆనగానే మళ్లీ పైకి. ఐదు నిమిషాల్లో నూట పదిసార్లు లెక్కపెట్టాను. మీరు వెనక కాలికి మందు చెబితే జబ్బు ముందు కాలికి వచ్చింది. ఇదేం వైద్యం?

మా వీధిలో ఇది పెద్ద వేడుక అయిపోయింది. టైలరింగ్ చేసే రబియా నా స్నేహితురాలు, ఖయ్యూం చాచా కూతురు. అది మిషన్ ఆపి గడపలో నిలబడి, "ఏందే, కుక్క మీద పీహెచ్‌డీ చేస్తున్నవా?" అని అరుస్తుంది. వీధి చివరి నుంచి తిరిగి వస్తుంటే, "గంత మెల్లగ నడుస్తవేందే? కుక్కకు గదా దెబ్బ తాకింది!" అంటుంది. దానికేం తెలుసు వైద్యం?

నా పరుగు నేను మానలేదు. వాడు లేక టైము ముప్ఫై సెకన్లు ఎక్కువ వస్తోంది. ఇరవై ఉండాల్సింది ముప్ఫై ఎందుకైందో తెలియదు. తొందరగా ఏదో ఒకటి తేల్చండి.

ఇట్లు,
ప్రిస్కిల్లా

తా.క. ఆ సగం మాత్ర తిరిగి ఇవ్వలేదు. కుక్కకు వేయలేదు, ఒట్టు. అది ఏమైందనేది మీ కాగితంలో ఏ గడీ అడగలేదు.


తూప్రాన్,
ఆగస్టు 26.

ప్రిస్కిల్లాకు,

ఆశీస్సులు ఈసారి ఆలోచించి రాస్తున్నాను.

వెనక కాలు దెబ్బ తిన్న కుక్క బరువంతా ముందుకు వేసి నడుస్తుంది. అలాంటప్పుడు ఉరికిస్తే ముందు భుజం పట్టేస్తుంది. ఇది నేను వంద కుక్కల్లో చూశాను. విశ్రాంతిలో ఉన్న కుక్కకు కొత్తగా భుజం నొప్పి రాదు. నువ్వు వాణ్ని గ్రౌండ్‌కి తీసుకెళుతున్నావు. పరుగు పరీక్ష దగ్గర పడుతోంది, నీ టైము పెరిగింది, వాడు లేకుండా నీకు నడవదు. ఇదంతా నువ్వే రాశావు. నేను కొత్తగా కనిపెట్టిందేమీ లేదు.

రెండోది. కవరు విప్పగానే గది నిండా నొప్పుల బామ్ వాసన. వాడి భుజానికి పూస్తున్నావా? కుక్క నాకుతుంది. నాకితే విషం. ఇంత చదివి ఈ పని ఎలా చేశావు?

ఎడమ భుజం మీద వెంట్రుకలు కత్తిరించి వాపు ఉందేమో చూడు. రెండు వైపులా కండ చుట్టుకొలత టేపుతో కొలిచి పంపు. నొప్పి ఉన్న కాలు వాడకపోతే కండ కరుగుతుంది. టేపు అబద్ధం చెప్పదు.

మదన్ మోహన్

తా.క. కుక్క కూడా అబద్ధం చెప్పదు. ఇక మిగిలింది నువ్వే.


మెదక్,
సెప్టెంబరు 3.

డాక్టర్ గారూ,

వందనాలు కూడా ఆలోచించే రాస్తున్నాను.

నేను అబద్ధాలకోరునా? ఈ ఇరవై ఐదు రోజుల్లో సామ్సన్ గ్రౌండ్ మొహం చూడలేదు. నేను పరుగుకు వెళుతుంటే బల్లల మధ్యలోంచి వాడు చూసే చూపుకు నాకు అన్నం దిగడం లేదు. ఎదురుగా ఉన్న మనిషిని అనలేని మాట మీరు ఉత్తరంలో అన్నారు. అందుకేనేమో ఫోన్ ఎత్తనిది.

బామ్ నాది! కుక్కకు పూయలేదు. రోజూ ఉరికేదాన్ని, కాస్త పూసుకుంటాను. దానికి కూడా మీ అనుమతి కావాలా?

వెంట్రుకల సంగతి వినండి. కత్తెర తీయగానే మా నానమ్మ బల్లల ముందు అడ్డంగా నిలబడింది. "సమ్సోను ఎంటికలు కత్తిరిస్తవా? బైబిల్ల ఏమైందో సదువుకోలేదా నువ్వు? బలమంతా ఎంటికలల్లనే ఉంటది! గా దెలీలా చేసిన పని నా ఇంట్ల చెయ్యనియ్య." ఇది కుక్క నానమ్మా, చేసేది వైద్యం అంటే, "పేరు పెట్టినప్పుడు నీకు సోయి లేదా?" అంది. డాక్టరు చెప్పాడు అన్నాను. "గా డాక్టరుకు చెప్పు, ముందు ఆయన నెత్తి గొరిగించుకోమను" అంది. ఇది ఆమె మాట. నేను పూర్తిగా కాదనలేను.

వెంట్రుకల పైనుంచే కొలిచాను. టేపు రబియాది. "కుక్కకు పైజామా కుట్టియ్యాల్నా?" అని అది నవ్వుతూనే ఉంది. ఎడమ భుజం, కుడి భుజం, రెండు తొడలు, అన్నీ సమానం. దారమంత తేడా లేదు. టేపు అబద్ధం చెప్పదన్నారు కదా. ఇప్పుడేమంటారు?

ఇంకో విడ్డూరం. నాన్న నడిపిస్తే వాడు తల ఎగరెయ్యడు. తాడు విప్పి వదిలితే గుమ్మం దాకా రాజులా నడుస్తాడు. నాతో ఉంటేనే ఈ నాటకం. వాడికి నా మీద కోపమని నా అనుమానం. కుక్క కూడా నన్నే అనుమానిస్తే నేనెక్కడికి పోవాలి?

మీరు నమ్మరు కాబట్టి వీడియో తీయించాను. మెమరీ కార్డు ఈ కాగితానికి అంటించాను. తీసింది రబియా. కుక్కను తియ్యవే అని పదిసార్లు చెప్పినా నన్ను తల నుంచి కాలి దాకా తీసింది. ఎందుకంటే నేను వేసుకున్న ట్రాక్ ప్యాంటు అది కుట్టింది, గిరాకీకి చూపించుకుంటుందట. సామ్సన్ ఒక మూలకు వచ్చాడు. తలైనా కనిపిస్తుంది, చూడండి. చూశాక క్షమాపణ చెప్పండి.

ప్రిస్కిల్లా

తా.క. నాకు పరీక్షకు ఇంకా ముప్ఫై తొమ్మిది రోజులే ఉన్నాయి. నిన్న టైము నలభై సెకన్లు ఎక్కువ. ఇది కూడా సామ్సన్ వల్లే.


తూప్రాన్,
సెప్టెంబరు 7.

చి. ప్రిస్కిల్లాకు, మనస్ఫూర్తిగా ఆశీస్సులు.

ముందు క్షమాపణ. నువ్వు సామ్సన్‌ని ఉరికించలేదు. నేను అన్నది తప్పు. కాగితం మీదే అన్నాను కాబట్టి కాగితం మీదే వెనక్కి తీసుకుంటున్నాను.

నీ వీడియో మా మనవరాలు ఇషిత ల్యాప్‌టాప్‌లో పెట్టింది. నేను కళ్లద్దాలు తుడుచుకుని సామ్సన్ తల మీదే చూపు పెట్టాను. నువ్వు రాసినట్టే ఎడమ కాలు ఆనగానే తల లేస్తోంది. భుజమేనని తీర్మానించి కాగితం తీసుకోబోతుంటే ఇషిత అంది, "తాతయ్యా, ఆ అక్క ఎందుకు కుంటుతోంది?"

మళ్లీ పెట్టించాను. నెమ్మదిగా ఆడించమన్నాను. ఈసారి కుక్కను వదిలి తాడు వెంట పైకి చూశాను. నీ కుడి కాలు ఆనీ ఆనక ముందే తీసేస్తున్నావు. తీసేటప్పుడు నీ ఒళ్లంతా ఎడమకు ఎగురుతోంది. నీ నడుముకు తాడు ఉంది. తాడు మూరెడే. ఎగిరిన ప్రతిసారీ అది సామ్సన్ మెడను పైకి లాగుతోంది. వాడేం నాటకమాడటం లేదమ్మా. ఐదు నిమిషాల్లో నూట పదిసార్లు నువ్వు లెక్కపెట్టింది నీ కుంటు.

సామ్సన్‌కి తగ్గి రెండు వారాలు దాటింది. వాడు కుంటడం మానేశాడు, నువ్వు మానలేదు.

ఇప్పుడు నీ ఉత్తరాలు మొదటి నుంచి మళ్లీ చదివాను. వాడి మీంచి బోర్లా పడ్డావు. "నాకేం కాలేదు" అన్నావు. మీ నాన్నగారు కూడా నిచ్చెన మీంచి పడ్డప్పుడు ఇదే మాటన్నారని నువ్వే రాశావు. సగం మాత్ర ఏ గడికీ చెందకుండా పోయింది. బామ్ వాసన నా ముక్కు దాకా వచ్చింది. టైము ఇరవై, ముప్ఫై, నలభై సెకన్లకు పెరిగింది. మెల్లగా నడుస్తావేమని రబియా వీధిలో అరిచి మరీ చెప్పింది. దాన్ని మనిద్దరం దులిపేసుకున్నాం.

తప్పులో నా వాటా ఉంది. నడుస్తూ రాయమన్నది నేను. అందుకే తాడు నీ నడుముకు చేరింది. నలభై ఏళ్లు తాడుకు ఒక కొసే చూస్తూ వచ్చాను.

నేను మనుషుల డాక్టర్ని కాదు. రేపే ఎముకల డాక్టరుకు మోకాలు చూపించు. మీ నాన్నగారికి చెప్పు. పరుగు బంద్ అంటారని నీ భయం. చెప్పకుండా ఉరికితే మోకాలే బంద్ అంటుంది, దానికి నువ్వు జవాబు చెప్పలేవు.

శుభాకాంక్షి,
మదన్ మోహన్

తా.క. మీ నానమ్మగారికి చెప్పు, నాది గొరిగించే పని లేదు. నాకు బట్టతల.


మెదక్,
సెప్టెంబరు 13.

డాక్టర్ గారికి, వందనాలు.

మీ ఉత్తరం చదివి ఒక రోజంతా మీ మీద కోపంగా ఉన్నాను. రెండో రోజు వీడియో మీద. మూడో రోజు మెట్లు దిగుతుంటే గోడ పట్టుకున్నాను. పట్టుకున్న చేతిని చూసుకున్నాను. ఇంకెవరి మీద కోపం తెచ్చుకోవాలో తెలియలేదు.

నాన్న దగ్గరికెళ్లి నిలబడ్డాను. ఆయన బల్లకు చిత్రిక పడుతున్నాడు. నా మోకాలు నొప్పి నాయనా, నెల దాటింది అన్నాను. ఆయన తలెత్తలేదు.

"నాకు తెల్వదా బిడ్డా? ఇరవై ఏండ్ల సంది కుంటుతున్నోనికి ఇంకో కుంటు కనవడదా?"

మరి అడగలేదేం అన్నాను, నాకు మళ్లీ కోపమొచ్చింది.

"అడిగితే లేదంటవ్. నేనూ మా అమ్మకు గట్లనే అన్న. నువ్వే చెప్తవని సూస్తున్న." చిత్రిక పక్కన పెట్టి, "బంద్ అన్నందుకే దాచినవ్. గా మాట నేను అనకపోయేది ఉండె" అన్నాడు.

ఎముకల డాక్టరు చూశాడు. లోపల ఏదీ తెగలేదట, సాగిందట. మూడు వారాలు పరుగు లేదు. ఆ తర్వాత చూసి చెబుతానన్నాడు. అప్పటికి పరీక్షకు తొమ్మిది రోజులుంటాయి. సరిపోతాయో లేదో ఎవరూ చెప్పలేరు. కానీ నాన్న స్కూలు ఊసెత్తడం లేదు. ఈసారి కాకపోతే వచ్చే నోటిఫికేషన్‌కి ఉరుకుదువులే అన్నాడు. ఆ మాట ఆయన నోట వినడానికి ఒక మోకాలు ఖర్చయింది.

మీ కాగితం ఒకటి మిగిలింది. నింపి పంపుతున్నాను.

పేరు: ప్రిస్కిల్లా.
జాతి: నాటు.
ఏ కాలు: కుడి.
ఎప్పటి నుంచి: ఆగస్టు రెండు. అదే మలుపు.
ఎప్పుడు ఎక్కువ: మెట్లు దిగేటప్పుడు. ఎవరైనా "ఏమైంది" అని అడిగినప్పుడు.
ఆకలి: బాగానే ఉంది.
చెప్పిన మాట వింటుందా: ఈ వారం నుంచి.
కొరికే అలవాటు: తగ్గుతోంది.

వరండాలోని రెండు బల్లలూ నాన్న ఇప్పుడు నా మంచానికి అటూ ఇటూ వేశాడు. సామ్సన్ బయట కూర్చుని కాపలా కాస్తున్నాడు. నేను కాలు కింద పెడితే మొరుగుతాడు. దారిన పోయేవాళ్లు ఆగి "ఏం చేసిందమ్మా?" అని అడుగుతున్నారు. నానమ్మ నా మోకాలు మీద చెయ్యి వేసి ప్రార్థిస్తోంది. వాడిలా కళ్లు మూసుకుని వినడం నాకింకా రాలేదు.

ఇట్లు,
మీ రోగి,
ప్రిస్కిల్లా

తా.క. రోజుకు మూడుసార్లు, ఐదేసి నిమిషాలు నాన్న నన్ను నడిపిస్తున్నాడు. తాడు లేదు. పక్కన సామ్సన్ ఉంటాడు. మీ పద్ధతి ప్రకారం నడుస్తూనే నాన్న నోటుబుక్కులో రాస్తాడు. ఇవాళ్టి పేజీలో ఇలా రాశాడు: "ఇద్దరం కుంటుతున్నం. సామ్సన్ ఒక్కడే సక్కగ నడుస్తుండు."